డబ్బు పంపాలనుకునే కుర్రాడికి ఏ దారి?

ప్రశ్న: మేం జర్మనీలో ఉంటాం. అఫ్గానిస్తాన్ నుంచి అమ్మానాన్నలు లేకుండా వచ్చిన ఒక అబ్బాయికి ఫ్యామిలీ కోర్టు నన్ను గార్డియన్‌గా నియమించింది. ఇంకో ఐదు నెలల్లో అతనికి 18 నిండుతాయి. యూత్ హోమ్‌లో ఉంటూ చదువుకుంటున్నాడు, జర్మన్ బాగానే వచ్చింది. ఇంజినీర్ అవుతానన్నవాడు ఇప్పుడు చదువు మానేసి గోడౌన్‌లో పనికి చేరతానంటున్నాడు. ఎంత చెప్పినా వినడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, అతను వినడం లేదని రాశారు గానీ, ఎందుకు మానేస్తానంటున్నాడో రాయలేదు. బహుశా మీకూ చెప్పి ఉండడు. ఇలా ఒంటరిగా వచ్చిన పిల్లల్లో చాలామందికి దారి ఖర్చులకు చేసిన అప్పు ఉంటుంది, వెనక తమ్ముళ్లుంటారు. ఫోన్లో అమ్మ ‘తిన్నావా’ అంటుందే తప్ప డబ్బు మాట ఎత్తదు. ఎత్తకపోతేనే పిల్లాడికి నిద్ర పట్టదు.

అందుకే ఈసారి చదువు ఊసు వదిలేయండి. నెలకు ఎంత పంపాలనుకుంటున్నావని అడిగి, ఆ అంకె కాగితం మీద రాయించండి.

ఆ తర్వాత ఆస్‌బిల్డుంగ్, అంటే జీతంతో పని నేర్చుకునే అప్రెంటిస్ కోర్సు గురించి మాట్లాడండి. వారంలో ఎక్కువ రోజులు కంపెనీలో పని, ఒకటి రెండు రోజులు వృత్తి స్కూలు, మొదటి నెల నుంచే జీతం. 2025లో మొదలైన కోర్సులకు చట్టం చెప్పిన కనీస జీతం మొదటి ఏడాది నెలకు 682 యూరోలు. దాని మీద రెండో ఏడాది 18 శాతం, మూడో ఏడాది 35 శాతం ఎక్కువ. చాలా వృత్తుల్లో ఇంతకంటే బాగానే ఇస్తారు.

గోడౌన్ జీతం దీనికి మూడింతలు. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు, ఫుల్‌టైమ్ చేస్తే కోతలకు ముందు నెలకు దాదాపు 2,200. ఈ సంగతి దాచకండి, లెక్కలు అతనికీ వచ్చు. కాకపోతే బయట సొంత గది తీసుకుంటే అద్దె, తిండి అన్నీ అందులోంచే పోతాయి. యూత్ హోమ్‌లో ఉంటూ ఆస్‌బిల్డుంగ్ చేస్తే, ఇన్సూరెన్స్ కోతలు పోను మిగిలింది అతనిదే. ఒకప్పుడు హోమ్ ఖర్చు కింద జీతంలో కొంత తీసుకునేవారు, 2023 జనవరి నుంచి ఆ పద్ధతి లేదు.

అయితే ఇదంతా అతను హోమ్‌లో కొనసాగితేనే. 18 నిండాక మీ గార్డియన్‌షిప్ ఉండదు. ఆ తర్వాతి సాయానికి అతనే యూగెండామ్ట్‌లో (పిల్లల, యువత సంక్షేమ కార్యాలయం) దరఖాస్తు పెట్టుకోవాలి. సాధారణంగా 21 ఏళ్ల వరకు ఇస్తారు. నోటిమాటతో సరిపెట్టకుండా ఇప్పుడే రాతపూర్వకంగా పెట్టించండి. (చాలామంది అఫ్గాన్ పిల్లల కాగితాల్లో పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. అమ్మ చెప్పిన తేదీ ఏదైనా, ఆఫీసుకు కాగితమే లెక్క.) శరణార్థి కేసు ఇంకా తేలకపోతే, ఆస్‌బిల్డుంగ్‌కు విదేశీయుల కార్యాలయం అనుమతి కూడా తీసుకోవాలి.

ఇంజినీరింగ్ ఆశ వదులుకోనక్కర్లేదు. ఆస్‌బిల్డుంగ్ తర్వాత మైస్టర్ (ఆ వృత్తిలో పై స్థాయి) పరీక్ష పాసైనా యూనివర్సిటీలో చేరే అర్హత వస్తుంది. పాత స్కూలు సర్టిఫికెట్లు లేవని దిగులు పడకండి. కంపెనీలో చేరడానికి ఫలానా సర్టిఫికెట్ ఉండాలని చట్టం అనదు, తీసుకోవడం కంపెనీ ఇష్టం.

నాకు టెన్షన్ వృత్తి స్కూలు గురించే. ఫ్రెండ్స్‌తో మాట్లాడే జర్మన్ అక్కడి పరీక్షలకు చాలదు. అప్రెంటిస్ తాను ఏం నేర్చుకున్నాడో బెరిష్ట్స్‌హెఫ్ట్ అనే పుస్తకంలో ఎప్పటికప్పుడు రాయాలి. అది లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఆదివారం ఒక గంట పక్కన కూర్చోండి. కార్ల షెడ్డులో చేరాడనుకోండి, ‘బ్రేకులు మార్చాం’ అని ఒక్క ముక్క రాసి పెన్ను పక్కన పెడతాడు. ముందు ఏం విప్పావు, ఏ స్పానర్‌తో విప్పావు, బిగించాక ఎలా చూసుకున్నావు అని అడగండి. ఆ ఒక్క ముక్కా ఆరు వాక్యాలవుతుంది. అలా కూర్చోడానికి మీకు కోర్టు కాగితం అక్కర్లేదు.