ఉచిత యాంటీవైరస్: అది చూసేది ఎంత, ఆపేది ఎంత?

ప్రశ్న: ఐదేళ్ల క్రితం కొన్న ల్యాప్‌టాప్‌లో ఒక ఉచిత యాంటీవైరస్ వేసుకున్నాను. ఆన్ చేశాక పది నిమిషాల దాకా ఏ పనీ సాగడం లేదు. పైగా ఇలాంటి సాఫ్ట్‌వేర్లు మనం చూసే వెబ్‌సైట్ల వివరాలను అమ్ముకుంటాయని మిత్రుడొకరు అంటున్నారు. అది నిజమేనా? తీసేస్తే రక్షణ పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: మీ మిత్రుడు చెప్పినది ఊహ కాదు, జరిగిన సంగతే. అవాస్ట్ అనే యాంటీవైరస్ సంస్థకు జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ఉండేది. యాంటీవైరస్ ద్వారా, బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజరుకు తగిలించే చిన్న ప్రోగ్రాముల) ద్వారా వాడకందారుల నుంచి సేకరించిన బ్రౌజింగ్ వివరాలను అది ఇతర కంపెనీలకు అమ్మేది. 2020 జనవరిలో మదర్‌బోర్డ్, పీసీమ్యాగ్ పత్రికలు కలిసి ఈ విషయాన్ని బయటపెట్టిన కొద్ది రోజులకే జంప్‌షాట్ మూతపడింది. 2014 నుంచి 2020 వరకు ఈ అమ్మకం సాగిందని, వందకు పైగా సంస్థలకు వివరాలు చేరాయని అమెరికాలో వినియోగదారులను కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 1 కోటి 65 లక్షల డాలర్లు చెల్లించాలని, ఇకమీదట ప్రకటనల కోసం బ్రౌజింగ్ వివరాలను అమ్మకూడదని 2024లో ఆ కమిషన్ ఆదేశించింది. వెంటాడే ప్రకటనల నుంచి కాపాడతామని చెప్పి ఇచ్చిన సాఫ్ట్‌వేరే ఈ పని చేసిందన్నది అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

పేర్లు, ఈమెయిల్ చిరునామాలు తొలగించాకే వివరాలు ఇచ్చామని అప్పట్లో సంస్థ సమాధానం చెప్పుకుంది. ఆ సమాధానం ఎందుకు చాలదో కొంచెం దగ్గరగా చూద్దాం. అమ్మిన జాబితాలో ఒక వరుస ఇలా ఉంటుందనుకోండి: ఫలానా గుర్తింపు సంఖ్య గల బ్రౌజరు, ఫలానా తేదీన, ఇన్ని గంటల ఇన్ని నిమిషాల ఇన్ని సెకన్లకు, ఒక దుకాణం సైటులో ఫలానా వస్తువు కొన్నది. ఇందులో మీ పేరు లేదు. కానీ సరిగ్గా ఆ సెకనులో ఆ వస్తువు కొన్నది ఎవరో ఆ దుకాణం లెక్కల్లో ఉంటుంది. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టగానే ఆ గుర్తింపు సంఖ్య మీదేనని తేలిపోతుంది. ఆ తరువాత అదే సంఖ్య కింద ఉన్న వరుసలన్నీ, మీరు ఏ జబ్బు గురించి వెతికారు, ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేశారు అన్న వరుసలతో సహా, మీ పేరు మీద చదవవచ్చు.

ఆ కమిషన్ ఆదేశం వచ్చాక కూడా అదే పని సాగుతోందని అనడం న్యాయం కాదు. నేను అలా అనడం లేదు. అయితే ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. అవాస్ట్, ఏవీజీ, అవీరా, నార్టన్ నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి. వీటిలో ఒకదాన్ని తీసి మరొకటి వేసుకున్నంత మాత్రాన మీ వివరాలు వేరే యజమాని దగ్గరికి వెళ్లినట్టు కాదు.

ఇక వేగం సంగతి. మీరు ఏ ఫైలు తెరిచినా, ఏ ప్రోగ్రామ్ నడిపినా, ఆ పని పూర్తి కాకముందే విండోస్ దాన్ని యాంటీవైరస్ డ్రైవరుకు (విండోస్ లోతుల్లో నడిచే దాని భాగానికి) చూపిస్తుంది. అది పరిశీలించి సరేనన్న తరువాతే ఫైలు తెరుచుకుంటుంది. ఒక్క పెద్ద వీడియో తెరిచినప్పుడు ఈ ఆలస్యం తెలియదు. వేల కొద్దీ చిన్న ఫైళ్లున్న జిప్‌ను విప్పినప్పుడు, కంప్యూటర్ ఆన్ కాగానే పదుల ప్రోగ్రాములు ఒకేసారి లేచినప్పుడు బాగా తెలుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ కాక తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే, ర్యామ్ 4 జీబీయే అయితే, ఆ పది నిమిషాల నిరీక్షణ ఆశ్చర్యం కాదు. పైగా ఉచిత యాంటీవైరస్ ఒంటరిగా రాదు. చెత్త ఫైళ్లను ఊడ్చే పనిముట్టు, ఇంటర్నెట్ రాకపోకలను తన సర్వరు గుండా మళ్లించే వీపీఎన్, సొంత బ్రౌజరు, డబ్బు కట్టే రకానికి మారమని అడిగే ప్రకటనలు దాని వెంటే వచ్చి, ఒక్కొక్కటీ కొంత ర్యామ్‌ను పట్టుకుని కూర్చుంటాయి. వైరస్‌ను వెతికే పనితో వీటికి సంబంధమే లేదు. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ భాగం తెరిచి ఆ కంపెనీ పేరు ఎన్ని చోట్ల కనిపిస్తుందో లెక్కపెట్టండి.

నా సలహా: దాన్ని తీసేయండి. విండోస్ 8 నాటి నుంచి డిఫెండర్ అనే యాంటీవైరస్ విండోస్‌లోనే భాగంగా వస్తోంది. మీరు మరొకటి వేసుకున్నారు కనుక అది పక్కకు తప్పుకుని ఉంది. ఇది పోగానే మళ్లీ తనంతట తానే పని మొదలుపెడుతుంది. మామూలు పద్ధతిలో అన్‌ఇన్‌స్టాల్ చేశాక, మిగిలిపోయిన డ్రైవర్లను తుడిచేందుకు ఆయా కంపెనీలు ప్రత్యేకంగా ఇచ్చే తొలగింపు పనిముట్టును కూడా నడిపి, కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. విండోస్ సెక్యూరిటీ తెరిచి, రియల్ టైమ్ రక్షణ ఆన్‌లో ఉందో లేదో కళ్లారా చూసుకున్న తరువాతే ఇంటర్నెట్‌లోకి వెళ్లండి.

డిఫెండర్‌లో లోపమే లేదని కాదు. ఏవీ కంపారటివ్స్ అనే ఆస్ట్రియా సంస్థ జరిపే వేగ పరీక్షల్లో దానికన్నా తేలికగా నడిచినవి కనిపిస్తూనే ఉన్నాయి. అనుమానం కలిగిన ఫైళ్ల నమూనాలను అదీ మైక్రోసాఫ్ట్‌కు పంపుతుంది. ఆటోమేటిక్ శాంపిల్ సబ్మిషన్ అనే అమరికను ఆపివేస్తే తనంతట తాను పంపదు. అయినా మీరు విండోస్ వాడుతున్నారంటే మైక్రోసాఫ్ట్‌ను ఎలాగూ నమ్ముతున్నట్టే. కంప్యూటర్ మొత్తం చూడగల అధికారాన్ని రెండో కంపెనీకి కూడా ఇవ్వాలంటే అందుకు గట్టి కారణం ఉండాలి. మీ ఉత్తరంలో నాకు అది కనిపించలేదు.

ప్రశ్న: నా మెయిల్ సైటులో చిరునామా పక్కనున్న గుర్తు నొక్కి సర్టిఫికెట్ (ఆ సైటు అసలైనదేనని చెప్పే ధ్రువపత్రం) చూస్తే, దాన్ని జారీ చేసినది నా యాంటీవైరస్ కంపెనీ అని ఉంది. ఎవరైనా నా కంప్యూటర్‌లో చొరబడ్డారా?

జవాబు: చొరబాటు కాదు, కానీ మీరు గమనించినది చాలా ముఖ్యమైన విషయం. బ్రౌజరుకూ సైటుకూ మధ్య జరిగే సంభాషణ తాళం వేసి ఉంటుంది కనుక మధ్యలో ఉన్నవారు చదవలేరు. దాన్ని చదవడానికి కొన్ని యాంటీవైరస్‌లు విండోస్‌లో తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ను (ఇతర సర్టిఫికెట్లను నమ్మించే మూల ధ్రువపత్రాన్ని) చేర్చి, సైటు నుంచి వచ్చినదాన్ని తామే విప్పి చూసి, మళ్లీ తమ తాళం వేసి బ్రౌజరుకు అందిస్తాయి. మీకు కనిపించినది ఆ రెండో తాళమే.

సంకల్పం మంచిదే కావచ్చు. కానీ సైటు అసలు సర్టిఫికెట్ సరైనదో కాదో చూసే పని ఇప్పుడు బ్రౌజరు చేతిలో లేదు, యాంటీవైరస్ చేతిలో ఉంది. ఈ విధంగా మధ్యలో విప్పి చూడడంపై 2017లో కొందరు పరిశోధకులు జరిపిన అధ్యయనంలో, ఇలా చేసే ఉత్పత్తుల్లో చాలావరకు కనెక్షన్ భద్రతను తగ్గిస్తున్నాయని తేలింది. ప్రతి పేజీనీ రెండుసార్లు విప్పి కట్టడం వల్ల వేగమూ తగ్గుతుంది. అంటే గోప్యత, వేగం రెండూ ఒకే చోట కరిగిపోతున్నాయి. యాంటీవైరస్‌ను ఉంచుకోదలచినా సరే, దాని అమరికల్లో వెబ్ షీల్డ్ కింద ఉండే హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్‌ను ఆపివేయండి. ఫైళ్ల పరిశీలన దానితో సంబంధం లేకుండా సాగుతుంది.

మోసపు సైట్లను పట్టుకోవాలంటే మనం తెరిచే పేజీల చిరునామాలన్నీ చూడక తప్పదు కదా అని మీరు అడగవచ్చు. తప్పదన్నది నిజం కాదు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ వాడే సేఫ్ బ్రౌజింగ్ మామూలు అమరికలో చిరునామా మొత్తాన్ని కాక, దాని నుంచి లెక్కకట్టిన హ్యాష్‌లో (వెనక్కి చదవలేని అంకెల ముద్రలో) కొంత భాగాన్ని మాత్రమే పంపి సరిచూస్తుంది. 2019లో వ్లాదిమిర్ పలాంట్ అనే భద్రతా పరిశోధకుడు అవాస్ట్ ఎక్స్‌టెన్షన్లను పరీక్షించి, అవి పేజీ పూర్తి చిరునామాతో పాటు మరెన్నో వివరాలు పంపుతున్నాయని చూపించాడు. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా ఆ డిసెంబరులో వాటిని తన జాబితా నుంచి తొలగించింది. తక్కువ పంపి పని జరిపించే దారి ఉండగా ఎక్కువ పంపించుకున్నారన్నదే అక్కడ తప్పు.

ప్రశ్న: రెండు ఉచిత యాంటీవైరస్‌లు కలిపి వాడితే రక్షణ రెట్టింపు అవుతుందా?

జవాబు: కాదు. ఒకటి ఫైలును పరిశీలించడానికి తెరిస్తే, ఆ తెరవడాన్నే రెండోది పరిశీలిస్తుంది. ఒకటి పట్టి దాచిన వైరస్‌ను మరొకటి కొత్త దాడిగా భావించి హెచ్చరిస్తుంది. కంప్యూటర్ మందగించడమే కాదు, ఒక్కోసారి పూర్తిగా స్తంభించిపోతుంది. నిత్యం కాపలా కాసేది ఒక్కటే ఉండాలి. మరో అభిప్రాయం కావాలంటే, అడిగినప్పుడు మాత్రమే నడిచే స్కానర్‌ను నెలకోసారి నడిపి మూసేయండి.

ప్రశ్న: ఆండ్రాయిడ్ ఫోనుకు ఉచిత యాంటీవైరస్ యాప్ అవసరమా?

జవాబు: ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ తన గదిలోనే ఉంటుంది, కంప్యూటర్‌లో లాగా యాంటీవైరస్‌కు అన్నిటి లోపలికీ తొంగిచూసే వీలు లేదు. 2019లో ఏవీ కంపారటివ్స్ 250 యాంటీవైరస్ యాప్‌లను పరీక్షిస్తే, హానికరమైన యాప్‌లలో కనీసం 30 శాతాన్ని పట్టుకోగలిగినవి 80 మాత్రమే. ఫోనులోనే ఉండి యాప్‌లను పరీక్షించే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆన్‌లో ఉంచి, స్టోర్ బయటి నుంచి యాప్‌లు వేసుకోకుండా ఉంటే చాలామందికి సరిపోతుంది. ఇప్పటికే అలాంటి యాప్ ఉంటే, సెట్టింగ్స్‌లో దానికి యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చారేమో ముందు చూడండి. ఆ అనుమతి ఉన్న యాప్ మీ తెర మీద కనిపించేదాన్నంతా చదవగలదు.