మరిది ఫోన్లో కనిపించని ఖర్చులు

ప్రశ్న: హనుమకొండలో ఓ ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. జీతం 24 వేలు. ఈ మధ్య 60 వేల చిట్టీ ఎత్తితే 50 వేలు చేతికొచ్చాయి. ఇంకా ఎనిమిది నెలలు 2,500 చొప్పున కట్టాలి. మా మరిది షేర్లు కొన్న రోజే అమ్మేసే ఇంట్రాడే ట్రేడింగ్‌లో రోజుకు వెయ్యి, రెండు వేలు వస్తున్నాయంటూ ఫోన్ చూపిస్తున్నాడు. 15 వేలు కడితే నేర్పే కోర్సు కూడా ఉందంటున్నాడు. నేనూ మొదలుపెట్టొచ్చా?

జవాబు: వద్దమ్మా. ముందుగా, ఆ 50 వేలు మొత్తం మీవి కావు. అందులో 20 వేలు చిట్టీకి తిరిగి కట్టాల్సినవే. కోర్సుకు 15 వేలు పోతే, మీదని చెప్పుకోగలిగింది 15 వేలే.

సరే, 50 వేలూ పెట్టారనే అనుకుందాం. పొద్దున ఆ డబ్బుతో ఒక షేరు కొని మధ్యాహ్నం అమ్మేశారు. తక్కువ ఫీజు తీసుకునే బ్రోకర్ దగ్గర కూడా రెండువైపులా కలిపి బ్రోకరేజీ దాదాపు 30 రూపాయలు. అమ్మినప్పుడు ఎస్‌టీటీ, అంటే షేర్ల లావాదేవీ మీద పడే పన్ను, 12.50. ఎక్స్ఛేంజీ రుసుము, స్టాంపు డ్యూటీ, జీఎస్టీ కూడా కలిస్తే 50 దాటుతుంది. లాభమొచ్చినా, నష్టమొచ్చినా ఇది కట్టాల్సిందే. రోజుకు ఐదు ట్రేడ్లు, నెలకు 20 రోజులు వేసుకోండి. ఐదు వేలు! అంటే పెట్టుబడిలో నెలకు పది శాతం సంపాదిస్తే, పెట్టిన డబ్బు పెట్టినట్టు ఉంటుందన్నమాట. మీరు లెక్కల టీచరో కాదో రాయలేదు గానీ, ఈ లెక్క ఒకసారి బోర్డు మీద వేసి చూడండి.

యాప్‌లో పచ్చరంగులో కనిపించే లాభంలో సాధారణంగా ఈ ఖర్చులు తీసేసి ఉండవు. అవి సాయంత్రం మెయిల్‌కు వచ్చే, ఆ రోజు ట్రేడ్ల బిల్లు లాంటి కాంట్రాక్ట్ నోట్‌లో ఉంటాయి. మీ మరిదిని స్క్రీన్‌షాట్ కాదు, గత ఏడాది మొత్తానికి బ్రోకర్ ఇచ్చే ట్యాక్స్ స్టేట్‌మెంట్ చూపించమనండి. చూపిస్తే మంచిదే. మాట మారిస్తే మీకు జవాబు దొరికినట్టే.

ఇక ఐదు రెట్ల మార్జిన్ సంగతి. మీ 50 వేలకు ఇంట్రాడేలో రెండున్నర లక్షల దాకా షేర్లు కొననిస్తారు. షేరు రెండు శాతం పడితే, అది మామూలుగా జరిగేదే, మీ ఐదు వేలు పోతాయి. మార్కెట్ నడిచేది 9:15 నుంచి 3:30 దాకా. అది మీ పీరియడ్ల టైమే కదా. బల్ల కింద ఫోన్ పెట్టుకుని ఏడో తరగతికి పాఠం చెబుతూ స్టాప్‌లాస్ (ఇంతకన్నా పడితే అమ్మేయాలని పెట్టుకునే ధర) చూసుకోవడం కుదిరే పని కాదు. మీరు మర్చిపోతే మార్కెట్ మూసేలోపు బ్రోకరే అమ్మేస్తాడు, చాలామంది దానికి విడిగా రుసుము కూడా వేస్తారు.

నాలుగు రోజులు చేస్తే అలవాటవుతుందని కొందరంటారు. 2022–23లో షేర్లలో ఇంట్రాడే చేసిన వ్యక్తుల్లో పదిమందికి ఏడుగురు నష్టపోయారని 2024 జులైలో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ అధ్యయనం చెప్పింది. ఏడాదికి 500కు పైగా ట్రేడ్లు చేసినవాళ్లలోనైతే నష్టపోయినవాళ్లు 80 శాతం. రోజుకు ఐదు చొప్పున చేస్తే ఐదు నెలల్లో మీరూ ఆ గుంపులో చేరతారు.

పన్ను కూడా వేరు. ఇంట్రాడే లాభాన్ని స్పెక్యులేటివ్ (ధరల ఊహల మీద చేసే) వ్యాపార ఆదాయంగా చూస్తారు. జీతం ఒక్కటే ఉన్నవాళ్లు వేసే తేలిక రిటర్ను చాలదు. నష్టమొస్తే జీతంలోంచి తగ్గించుకోలేరు, అలాంటి లాభంలోంచే తగ్గించుకోవాలి, అదీ నాలుగేళ్ల లోపు.

మరి ఏం చేయాలి? చిట్టీకి కట్టాల్సిన 20 వేలు, వేసవిలో జీతం ఆలస్యమైతే ఇల్లు నడవడానికి మరో 25 వేలు బ్యాంకులో ఉంచండి. చిట్టీ అయిపోయాక అదే 2,500తో, పెద్ద కంపెనీల షేర్లలో కలిపి డబ్బు పెట్టే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో సిప్ (నెలనెలా కట్టే పద్ధతి) మొదలుపెట్టండి. ఎనిమిది నెలలు కట్టే అలవాటు ఎలాగూ ఉంటుంది. మిగిలిన ఐదు వేలతో షేర్ల సరదా తీర్చుకోవాలంటే, మీకు తెలిసిన కంపెనీవి ఒకటి రెండు డెలివరీలో, అంటే అదే రోజు అమ్మకుండా మీ ఖాతాలోకి వచ్చేలా, కొని అలాగే ఉంచండి. కొన్న రోజే ఎందుకు కొన్నారో నోటుపుస్తకంలో రాయండి.

కోర్సు విషయానికొస్తే, ఆ సార్ ఫలానాది కొనండి, ఫలానాది అమ్మండి అని చెబుతున్నారా? అయితే సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. ఇచ్చినా అక్కడితో ఆగకుండా సెబీ వెబ్‌సైట్‌లో ఆ పేరుందో లేదో చూడండి. పెట్టుబడుల గురించి నేర్చుకోవాలనే ఉంటే, సెబీ, దాని శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం కలిసి మదుపరుల కోసం ఉచితంగా పెట్టే సర్టిఫికెట్ పరీక్ష ఉంది. వేసవి సెలవుల్లో రాసేయొచ్చు.