ఇన్ఫెక్షన్ కంట్రోల్ అంటే చేతులు కడిగించే ఉద్యోగమా?

ప్రశ్న: బీఎస్సీ నర్సింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. పేద దేశాల ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని చేయాలని ఉంది. ‘చేతులు కడుక్కోమని చెప్పడానికి డిగ్రీ దేనికి?’ అంటున్నారు ఇంట్లో. ఇందులో కెరీర్ ఉందా?

జవాబు: ఉందమ్మా. ఇంట్లోవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి, బయటినుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక వాళ్లకు చూపించండి. ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, పేద, మధ్యాదాయ దేశాల్లో 15 మందికి అక్కడే కొత్త ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది.

కుళాయి ఉండి నీళ్లు రాని వార్డులో ‘చేతులు కడుక్కోండి’ అనే పోస్టర్ ఎన్ని అంటించినా ఒకటే. శానిటైజర్ కొనే స్తోమత లేకపోతే ఆసుపత్రి ఫార్మసీలోనే కలుపుకోవచ్చు. 80 శాతం ఇథనాల్, 1.45 శాతం గ్లిజరాల్, 0.125 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, మిగతాది మరిగించి చల్లార్చిన నీళ్లు. సీసాల్లో నింపాక 72 గంటలు ముట్టుకోకూడదు, లోపలున్న స్పోర్లు, అంటే గట్టి పొరలో దాక్కున్న బ్యాక్టీరియా రూపాలు, చావాలి కదా. ఆ ఇథనాల్ తెప్పించేదెవరు, గాఢత చూసేదెవరు, ఖాళీ సీసా మళ్లీ నింపేదెవరు? మీ ఉద్యోగమంతా ఈ ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ఆటోక్లేవ్, అంటే పరికరాల మీది సూక్ష్మజీవులను ఆవిరి వేడితో చంపే యంత్రం, నడుస్తుండగా మధ్యలో కరెంటు పోతుంది. పరికరాల ప్యాకెట్ మీద టేపు రంగు మారింది కాబట్టి స్టెరైల్ అయిపోయిందంటారు. టేపు చెప్పేది వేడి తగిలిందని మాత్రమే. ఆ సెట్ వాడొద్దని ఆపరేషన్‌కు సిద్ధమైన సర్జన్‌తో చెప్పాల్సింది మీరే. టెన్షన్ అక్కడుంటుంది.

అందుకే డిగ్రీ అవగానే ఇందులోకి దూకొద్దంటాను. కనీసం రెండేళ్లు ఐసీయూలోనో, ఆపరేషన్ థియేటర్‌లోనో, పరికరాలు స్టెరిలైజ్ చేసే విభాగంలోనో చేయండి. చేయి తిరిగిన నర్సు మాటకున్న విలువ సర్టిఫికెట్‌కు రాదు. ఈలోగా మైక్రోబయాలజీ మళ్లీ తిరగేయండి, ఎక్సెల్ నేర్చుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చేయండి. ఇన్ఫెక్షన్ కంట్రోల్‌లో సర్టిఫికెట్ ఇచ్చే సీఐసీ పరీక్ష ఈ పనిలో అనుభవం ఉన్నవాళ్లకు. కొత్తవాళ్లకు ఏ-ఐపీసీ అనే ప్రారంభ స్థాయి పరీక్ష ఉంది. పశ్చిమ ఆఫ్రికా వైపు ఆలోచన ఉంటే ఫ్రెంచ్ బాగా పనికొస్తుంది.

జీతం కంటే ముందు అడగాల్సింది ఒకటుంది. 250 పడకలకు కనీసం ఒక పూర్తికాలపు ఇన్ఫెక్షన్ కంట్రోల్ నిపుణులు ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి. చాలాచోట్ల వార్డు డ్యూటీకే దీన్నీ తగిలిస్తారు. ‘ఈ పనికి వారంలో ఎన్ని గంటలు ఇస్తారు, నేను ఎవరికి రిపోర్ట్ చేయాలి?’ అని ఇంటర్వ్యూలోనే తేల్చుకోండి. జవాబు నీళ్లు నమిలినట్టుంటే ఇంకో ఆసుపత్రి చూసుకోండి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ పూర్తి కాకుండా మాత్రం ఎక్కడా చేరొద్దు.