టెక్ సందేహాలు: అయిదు పాస్కల్స్‌ను కొలిచేదెలా?

సందేహం: మాది అనంతపురం. బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడలో, పాత బాయిలర్ గొట్టాలకు చుట్టిన ఆస్‌బెస్టాస్‌ను తొలగించే కాంట్రాక్టరు వద్ద సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. పనిచోటును పాలిథిన్ పట్టాలతో మూసి, అతి సన్నని ధూళినీ పట్టే హెపా ఫిల్టరున్న ఎగ్జాస్ట్ యంత్రంతో లోపలి గాలిని బయటికి తోడుతున్నాం. ధూళి బయటికి రాకుండా లోపలి గాలి పీడనం బయటికంటే తక్కువగా ఉండాలి కదా. అందుకని గాలి పీడనం కొలిచే బీఎంపీ280 సెన్సార్లు లోపలొకటి, బయటొకటి పెట్టి, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డుతో ఆ తేడా లెక్కగడితే ఒకసారి మైనస్ 30, మరోసారి ప్లస్ 20 పాస్కల్స్ (పీడనానికి కొలమానం) వస్తోంది. తప్పు నా ప్రోగ్రాములోనా, సెన్సార్లలోనా?

జవాబు: మీరు ఎంచుకున్న సెన్సారు ఈ పనికి తగినది కాదు, ప్రోగ్రామును అనుమానించనక్కర్లేదు. ఆస్‌బెస్టాస్ తొలగించే గదికీ బయటికీ మధ్య ఉండవలసిన పీడనం తేడాగా అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నిర్దేశించినది కనీసం 0.02 అంగుళాల నీటి మట్టం, అంటే సుమారు 5 పాస్కల్స్. బెంగళూరు ఎత్తులో వాతావరణ పీడనమే దాదాపు 91,000 పాస్కల్స్ కాబట్టి, మీరు చేస్తున్నది పది టన్నుల లారీని రెండు వేర్వేరు కాటాల మీద తూచి, ఆ తేడాను బట్టి అందులోంచి అరకిలో బియ్యం తీశారో లేదో చెప్పబోవడం వంటిది. బీఎంపీ280 చూపే విలువలో 100 పాస్కల్స్ వరకు తేడా మామూలే. పైగా ఒక మీటరు ఎత్తు మారితేనే గాలి పీడనం పది పాస్కల్స్‌కు పైగా మారుతుంది. ఒకటి బల్ల మీద, మరొకటి నేల మీద ఉన్నా మీ లెక్క తారుమారవుతుంది.

రెండు మూతులుండి, తేడాను నేరుగా కొలిచే డిఫరెన్షియల్ ప్రెషర్ సెన్సారు తీసుకోండి. సెన్సీరియన్ కంపెనీ ఎస్‌డీపీ810లో 125 పాస్కల్స్ రకం ఇందుకు సరిపోతుంది. అయితే దాని గుండా కొద్దిపాటి గాలి ప్రవహిస్తుందని మరవవద్దు: ఎగ్జాస్ట్ ఆగి గదిలో పీడనం పెరిగితే, ఆస్‌బెస్టాస్ ధూళి ఆ సన్నని గొట్టం గుండానే బయటికి రాగలదు. గొట్టానికి ఫిల్టరు తొడిగితే ప్రవాహం తగ్గి, రీడింగు అసలుకంటే తక్కువ చూపుతుంది. అందువల్ల నేనైతే మధ్యలో గాలి దాటని పొర ఉండి, అది వంగడాన్ని బట్టి తేడా కొలిచే రకం సెన్సారుకే ఓటు వేస్తాను. ఏది వాడినా, రోజూ పని మొదలుపెట్టే ముందు రెండు మూతులనూ ఒకే గొట్టంతో కలిపి, సున్నా చూపుతోందో లేదో పరీక్షించండి.

తలుపు తెర తీసినప్పుడల్లా రీడింగు పడిపోతుంది కనుక, పది సెకన్ల సగటు తీసుకుని, అది అరనిమిషం పాటు అయిదు కంటే తక్కువగా ఉంటేనే బజర్ మోగించండి. ఆ బజర్ వైఫై మీద ఆధారపడకూడదు. ఫోనుకు వచ్చే సందేశం అదనపు సదుపాయం మాత్రమే.

ఇక అయిదు పాస్కల్స్ కనిపించగానే నిశ్చింతగా ఉండకండి. పట్టాలు గట్టిగా బిగిస్తే చిన్న ఫ్యాను కూడా ఆ అంకె చూపించగలదు, కానీ లోపలి గాలి మారదు. ఓషా గంటకు కనీసం నాలుగు సార్లు గాలి మార్పిడినీ కోరుతుంది: 180 ఘనపు మీటర్ల గదికి గంటకు 720 ఘనపు మీటర్లు. యంత్రంపై రాసిన సామర్థ్యం కొత్త ఫిల్టరుకు చెల్లుతుంది. ధూళి పేరుకొనే కొద్దీ ప్రవాహం తగ్గుతుంది కాబట్టి, ఫిల్టరుకు ఇరువైపులా రెండో సెన్సారు పెడితే మార్చే వేళ ముందే తెలుస్తుంది.

కరెంటు పోయినా సెన్సారు, బజర్ పనిచేసేలా వాటికి బ్యాటరీ ఇవ్వండి. ఎగ్జాస్ట్ తిరిగి నడిచి, రీడింగు నిలకడగా అయిదు దాటేవరకు లోపల తొలగింపు పని ఆపించండి.