బరోక్ కాలంలో (యూరప్‌లో సుమారు 1600 నుంచి 1750 దాకా) రాజాస్థానంలో పనిచేసిన సంగీతకారుల జీవితం హాయిగా ఉండేదా?

హాయా? అదీ ఉద్యోగమేనండీ బాబూ, పైగా బాస్ చేతిలో జైలు కూడా ఉండే ఉద్యోగం. జర్మన్ సంగీతకర్త బాఖ్ సంగతే చూడండి.

ఆయన కొలువు చేసిన జర్మనీ ఊరు వైమర్‌లో పాలించే డ్యూకులు ఇద్దరు, పెదనాన్న విల్‌హెల్మ్ ఎర్న్‌స్ట్, తమ్ముడి కొడుకు ఎర్న్‌స్ట్ ఆగస్ట్. ఒకరంటే ఒకరికి పడదు, మధ్యలో నలిగేది వాయించేవాళ్లు. 1716 డిసెంబర్‌లో ఆస్థాన సంగీత దర్శకుడు పోతే ఆ పోస్టు బాఖ్‌కి కాకుండా పోయినాయన కొడుక్కి ఇచ్చారు (వారసత్వం మన సినిమావాళ్లకే ఉందనుకుంటాం!). ఈలోగా కోతెన్ అనే ఇంకో చిన్న జర్మన్ సంస్థానం ప్రిన్స్ లియోపోల్డ్, అంటే ఆ చిన్న డ్యూక్‌కి బావమరిది, 400 థాలర్ల (అప్పటి వెండి నాణేలు) జీతానికి పిలిచాడు. 1717 ఆగస్టులో సంతకం కూడా అయిపోయింది. వైమర్ పెద్దాయన మాత్రం వదలడు.

నాకు ఇది బాగా తెలుసు. నా పాత కంపెనీలో ల్యాప్‌టాప్ అప్పజెప్పేసినా రిలీవింగ్ లెటర్ ఇవ్వకుండా తిప్పారు, పోర్టల్‌లో ఎప్పుడు చూసినా "పెండింగ్" అనే, అవతల కొత్తవాళ్లేమో రోజూ ఫోన్. నేను మెయిల్స్ పెట్టి ఊరుకున్నా. బాఖ్ ఊరుకునే రకం కాదు, వదలమని మొండిగా పట్టుబట్టాడు, అందుకే నవంబర్ 6న పట్టుకెళ్లి లోపలేశారు, కారణం ఇదేనని ఆస్థానం రికార్డులోనే రాసుకున్నారు. ఇంట్లో భార్య, రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా నలుగురు పిల్లలు. డిసెంబర్ 2న వదిలారు, అదీ దయతో కాదు, అసంతృప్తితో పంపిస్తున్నామని చెప్పి మరీ.

ఇంత జరిగిన వైమర్‌కి వెళ్తే ఎక్కడ చూసినా తర్వాత అక్కడున్న రచయితలు గోథే, షిల్లర్! చదువుకునే రోజుల్లో వెళ్లా, బాఖ్ గురించి అడిగితే ఒక చిన్న విగ్రహం చూపించారు. ఒళ్లు మండింది.

కోతెన్‌లో మాత్రం బాగానే గడిచింది, ప్రిన్స్ స్వయంగా వయొలిన్ వాయించేవాడు. 1721లో ఆయనకి పెళ్లయ్యాక సంగీతం మీద మోజు తగ్గిందని బాఖ్ తర్వాత ఒక ఫ్రెండ్‌కి రాసుకున్నాడు. 1723లో లైప్‌జిగ్‌కి మారాడు, అక్కడ రాజు లేడు, సిటీ కౌన్సిల్. సుఖపడ్డాడా? 1730 నాటి అదే ఉత్తరంలో ఏడుపేంటంటే, ఊళ్లో గాలి బాగుండి జనం తక్కువ చచ్చారట, చావులకి పాడించే డబ్బుల్లో ముందు ఏడాది 100 థాలర్లకి పైగా పోయాయట!