రికవరీ పదాల ఫొటో డిలీట్ చేస్తే సరిపోదు

తమ్ముడూ, నీ క్రిప్టో వాలెట్‌ని మళ్లీ తెరవడానికి పనికొచ్చే 24 రికవరీ పదాలను ఫొటో తీసి ఫోన్‌లో దాచుకున్నానని, స్క్రీన్ పగిలిన ఆ ఫోన్‌ని రిపేర్‌కి ఇచ్చే ముందు ఫొటో డిలీట్ చేస్తే చాలా అని అడిగావు. చాలదు. అది ఎప్పుడో క్లౌడ్‌కి ఎక్కి ఉండొచ్చు. ఆ పదాలు ఎవరి చేతికి చిక్కితే కాయిన్లు వాళ్లవే. పాస్‌వర్డ్‌లా వాటిని మార్చుకోలేం.

అందుకే హార్డ్‌వేర్ వాలెట్‌లో, అంటే కాయిన్ల రహస్య తాళాలను నెట్‌కి దూరంగా దాచే చిన్న పరికరంలో, కొత్త పదాలు తయారు చేసుకో. దాన్ని ఒకసారి రీసెట్ చేసి, రాసుకున్న పదాలతో మళ్లీ తెరుచుకుంటోందో లేదో చూడు. ఆ తర్వాత పాత వాలెట్ నుంచి కొద్ది మొత్తం ఈ కొత్తదానికి పంపి, అది చేరాక మిగతాదంతా మార్చెయ్. ఫోన్ షాపుకి వెళ్లేలోపే ఇదంతా అయిపోవాలి.

కాగితాన్ని మాత్రం నమ్ముకోకు. 2015 డిసెంబర్ వరదల్లో చెన్నై వేళచ్చేరిలో మా ఇంట్లోకి నడుములోతు నీళ్లొచ్చాయి. బీరువా కింది అరలోని డైరీని ఆరబెట్టి చూస్తే, జెల్ పెన్‌తో రాసిన పేజీల్లో నీలం మరకలే మిగిలాయి. ఆ బాధ ఇంకా పోలేదు.

నేనైతే స్టీల్ ప్లేటు మీద అక్షరాల పంచ్‌లతో నా చేత్తోనే కొట్టుకున్నాను. గిన్నెల మీద పేర్లు కొట్టే షాపుకి మాత్రం ఇవ్వకు, రెండో మనిషి కంట పడకూడదు. మామూలుగా వాలెట్లు వాడే 2048 ఇంగ్లీష్ పదాల జాబితాలో మొదటి నాలుగు అక్షరాలతోనే ఏ పదమో తెలిసిపోతుంది కాబట్టి అంతవరకు కొడితే చాలు, వరుస తప్పకుండా. ఒక ప్లేటు ఇక్కడ, ఇంకోటి నెల్లూరులో అమ్మ దగ్గర ఉంచాను. అదేమిటో ఆవిడకీ చెప్పాను.