సమాధానం: ఫిర్యాదు రెండు కమిషన్లకూ పంపవచ్చా?

నమస్కారమండీ. మీ తమ్ముణ్ని పోలీస్ స్టేషన్‌లో కొట్టి పది నెలలైందని, రాష్ట్ర కమిషన్‌కూ జాతీయ మానవ హక్కుల కమిషన్‌కూ ఒకేసారి ఫిర్యాదు పంపవచ్చా అని అడిగారు. దయచేసి అలా పంపకండి. 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ ప్రకారం, రాష్ట్ర కమిషన్ ముందు పెండింగ్‌లో ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు. ఘటన జరిగి ఏడాది దాటితే ఏ కమిషనూ విచారణ చేపట్టదు కనుక, మీకు మిగిలింది రెండు నెలలే.

రుసుమేమీ లేదు, తెలుగులోనే రాయవచ్చు. ఆవేదనంతా పేజీల కొద్దీ రాయాలనిపించడం సహజమే కానీ, ముందుగా కావలసింది తేదీ, వేళ, స్టేషన్ పేరు, కొట్టినవారి హోదా. ఆస్పత్రి ఓపీ చీటీ మీద డాక్టరు రాసిన ‘ఎడమ భుజంపై కమిలిన గాయం’ వంటి ఒక్క పంక్తి, పక్కనే వేసిన వేళతో సహా, నాలుగు పేజీల వేదన కంటే బలమైన ఆధారమని నా నమ్మకం. దాని నకలు తప్పక జతచేయండి. పంపినవారి పేరు లేని, అస్పష్టంగా ఉన్న ఫిర్యాదులను మొదట్లోనే తిరస్కరిస్తారు.

ఫిర్యాదు నమోదయ్యాక కమిషన్ ఇచ్చే డైరీ నంబరు భద్రపరచుకోండి. అధికారుల నివేదికపై కమిషన్ మీ అభిప్రాయం అడిగితే, గడువులోగా జవాబివ్వండి. కమిషన్ పరిహారాన్ని, ప్రాసిక్యూషన్‌ను (కోర్టులో కేసు నడపడాన్ని) సిఫారసు చేయగలదే తప్ప తానే శిక్ష విధించలేదు. అందువల్ల క్రిమినల్ కేసు ప్రయత్నాన్ని విడిగా కొనసాగించండి.